పారిపోయే కాళ్లు

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, భయపడటం. మిగతా పనులన్నీ ఎవరో ఒకరు నేర్పితే వచ్చాయి గానీ ఇది మాత్రం పుట్టుకతోనే వచ్చింది. బస్సెక్కితే టికెట్టు పోగొట్టుకుంటానేమోనని దాన్ని గుప్పిట్లో బిగించి, దిగేసరికి చెమటతో ముద్ద చేసేవాణ్ణి. ఎవరైనా పెద్దవాళ్లు 'నీతో ఒక మాట' అంటే ఆ మాటేమిటో వినకముందే తప్పయిందని ఒప్పేసుకునేవాణ్ణి. (నేను కడుపులో ఉన్నప్పుడు తాను బావిగట్టు మీద జారి పడబోయిందని, ఆ ఉలికిపాటే నాలో ఉండిపోయిందని మా అమ్మ నమ్మకం.) అంత పిరికివాడు ఇంటర్వ్యూలో అంత పెద్ద అబద్ధం ఎలా ఆడగలిగాడా అని ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. నిజానికది ఒక్క మాటే. ఆ మాట 'కొంచెం'.

చింతామణిలో బీకాం చదివి, బాగేపల్లిలో ఒక పైపుల దుకాణంలో చేరితే దుకాణం మూతపడింది. తరవాత ఇంకో చోట చేరితే నాలుగు నెలలకే 'నువ్వు మరీ మెతక' అని పంపేశారు. మాది పాతపాళ్యం. వాన పడితే వేరుశనగ, పడకపోతే మబ్బుల వైపు చూడటం, ఇదీ మా నాన్న వ్యవసాయం. అలాంటి రోజుల్లో చిక్కబళ్లాపురం బయట, కొండల కింద ఉన్న ఒక గాల్ఫ్ మైదానంలో కౌంటర్ దగ్గర కూర్చునే ఉద్యోగం ఉందని తెలిసి అర్జీ పెట్టుకున్నాను. అక్కడి మేనేజరును అందరూ కూలింగు సారు అనేవారు. నల్ల కళ్లద్దాలు గదిలో కూడా తీసేవారు కాదు. ఆయన నన్ను చూస్తున్నారో, నా వెనకాల గోడను చూస్తున్నారో తెలియక నా వీపంతా చెమట పట్టింది. "గాల్ఫ్ ఆడతావా?" అని అడిగారు. లేదనడానికే నోరు తెరిచాను. కానీ 'లేదు' అంటే మూడో ఉద్యోగం కూడా పోయినట్టే అన్న భయం, అబద్ధం ఆడుతున్నానన్న భయం కంటే ఒక్క అడుగు ముందు వచ్చింది. "కొంచెం సార్" అన్నాను. అప్పటికి నేను గాల్ఫ్ చూసింది ఫోనులోనే, అదీ ఒకాయన కొట్టిన బంతి నీళ్లలో పడటం వరకే.

ఉద్యోగం వచ్చింది. ఎవరు ఏ వేళకు ఆడటానికి వస్తారో ఫోనులో అడిగి కంప్యూటర్లో ఎక్కించడం నా పని. ఆరు నెలలు సరిగ్గా చేస్తే కాయం చేస్తామన్నారు, అంటే పర్మనెంటు. మా నాన్న ఊళ్లో 'మావాడు గోల్ఫు ఆఫీసరు' అని చెప్పుకున్నాడు. (పాతపాళ్యంలో సగం మంది నేను కువైట్ వెళ్లాననుకున్నారు. పండక్కి నన్ను బజారులో చూసి, "ఎప్పుడొచ్చినావప్పా, సెంటు సీసాలు తెచ్చినావా?" అని అడిగినవాళ్లున్నారు.) ఐదు నెలలు ఎవరి కంటా పడకుండా గడిపేశాను. ఆరో నెల మొదట్లో కూలింగు సారు పిలిచారు.

"నోడప్పా," అన్నారు కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే తన పద్ధతిలో. "మన పళ్ల డాక్టరు సారుతో బుధవారం ఆడే ఆయనకి మోకాలు ఆపరేషన్ అయింది. సారుకి ఒంటరిగా ఆడేకి ఇష్టం లేదు. నువ్వు కొంచెం ఆడతానంటివి కదా, వచ్చే బుధవారం నువ్వు పో. ఆయన కమిటీలో ఉండారు, గొత్తా, తెలుసా? నీ కాయం చేసే కాగితం మీద ఆయన సంతకం కూడా పడాల."

వచ్చే బుధవారానికి ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజులూ నేను తిన్నదేమిటో నాకు గుర్తు లేదు. డాక్టరు గారి పేరు కంప్యూటర్లో తప్ప మనిషిని నేను చూడలేదు. ఆయన పొద్దున నేను రాకముందే మైదానంలోకి వెళ్లి, నేను భోజనానికి లేచాక తిరిగొచ్చేవారు.

ఫోనులో పాఠాలు చూడటం మొదలుపెట్టాను. చేతులు ఎలా పట్టుకోవాలో ఒకరు, తల ఎలా ఉంచాలో ఒకరు చెప్పేవారు. కానీ అందరూ చివరికి ఒక్క చోటికే వచ్చేవారు: కాళ్లు. నిలబడటం రాకపోతే మిగతాదేదీ రాదట. ఇరవై మూడేళ్లు వచ్చాక నాకు నిలబడటం కూడా రాదని తెలిసింది. అద్దె గదిలో చీపురు తిరగేసి పట్టుకుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, వెనక్కి తిప్పి ముందుకు విసిరేవాణ్ణి. విసిరిన ప్రతిసారీ గిర్రున తిరిగి మంచం మీద పడేవాణ్ణి. మూడో రోజు కింద నుంచి ఇంటావిడ కేకేసింది. "ఏమప్పా, పైన రాగులు దంచుతాండావా? మా సున్నం రాలతాండాది!"

ఆదివారం ఊరికి వెళ్లి గొడ్ల పాక వెనకాల కర్రతో సాధన చేస్తుంటే మా అమ్మ చూసింది. నేను కర్ర తిప్పడం, ఒక చుట్టు తిరగడం, కూలబడటం చూసి తేలు కుట్టిందని కేకలు పెట్టింది. ఏ తేలూ కుట్టలేదని చెప్పాక ఇంకా భయపడి, సాయంత్రం ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. మా నాన్న మాత్రం బస్సెక్కించడానికి వచ్చి, "ఉద్యోగం కష్టంగా ఉండాదా?" అని అడిగాడు. "లేదు నాన్నా" అన్నాను. అది నా రెండో అబద్ధం. మొదటిదానికంటే ఇదే ఎక్కువ బరువుగా తోచింది.

సోమవారం తెల్లవారగానే, సభ్యులెవరూ రాకముందే, సాధన చేసే మైదానానికి వెళ్లాను. స్టోరు చూసుకునే అన్నను బతిమాలి ఒక కర్ర, నాకంటే ఒక సైజు పెద్దవైన ముళ్ల బూట్లు తెచ్చుకున్నాను. బంతి పెట్టి కొట్టాను. బంతి ఉన్నచోటే ఉంది. నేనే వెనక్కి, తడి గడ్డి మీద వెల్లకిలా పడ్డాను. అప్పుడు నేలకు దగ్గరగా ఎక్కడినుంచో ఒక గొంతు వినిపించింది.

"మడమ మీద నిలబడితే పడక ఏం చేస్తావప్పా?"

కలుపు తీసే ఆడవాళ్ల వరసలోంచి ఒకామె మాట్లాడుతోంది. మండికల్ నుంచి రోజూ వచ్చే ఆమెను అందరూ మండికల్లక్క అనేవారు. యాభై ఏళ్లుంటాయి. తల మీద తువ్వాలు, చేతిలో చిన్న కొడవలి. గొంతుక్కూర్చుని కలుపు పీకుతూనే, నా వైపు చూడకుండానే, మళ్లీ అంది. "బరువంతా మడమలో పెట్టినావు. వేళ్లు లేచి గాలిలో ఉండాయి. అవి పారిపోయే కాళ్లప్పా, ఆడే కాళ్లు కాదు."

నాకు సిగ్గుతో పాటు ఆశ్చర్యం కూడా వేసింది. "నీకు గాల్ఫ్ తెలుసా అక్కా?" అన్నాను లేచి కూర్చుంటూ.

"నాకేం తెలుసు? సార్లు కొట్టేటప్పుడు తల ఎత్తద్దు, కదలద్దు, మాట్లాడద్దు అని కూలింగు సారు ఆర్డరు. తల ఎత్తకుండా కూసుంటే కనపడేది ఏముండాది? కాళ్లే. ఏడేండ్ల నుంచి కాళ్లే చూస్తాండా. ఎవురి మొగమూ నాకు తెలీదు. ఏ కాళ్లు ఉన్నచోట ఉంటే బంతి దూరం పోతాదో, ఏ కాళ్లు ఊగితే పక్కకి పోతాదో, అది తెలుసు."

అలా నాకు గురువు దొరికింది. ఆ పొద్దున, మర్నాడు పొద్దున, వాళ్లు టీ తాగే కాసేపూ ఆమె నాకు నిలబడటం నేర్పింది. ముందు బూట్లు విప్పించింది. టీ డబ్బా కింద పరిచే గోనెసంచి తడిపి, రెండు ముక్కలు చేసి, ఒక్కో పాదం కింద ఒక్కో ముక్క వేసింది. "కాలు జరిగితే గోనె ముడత పడతాది. నేను చెప్పే పని లేదు, అదే చెప్తాది" అంది. పది సార్లు కర్ర తిప్పితే పది సార్లూ గోనె ముడత పడింది. "పక్కకి ఎందుకు ఊగుతావు? ఇసుర్రాయి చూడలేదా నువ్వు? కింద రాయి కదలదు, పైరాయి తిరగతాది. నడుము కింద కింది రాయి, నడుము మీద పైరాయి. తిరుగు. ఊగద్దు." కుడి మోకాలు బయటికి వెళ్లకుండా పక్కన తన కొడవలి పిడి ఆనించి పట్టుకుంది. (కొడవలి అంచు ఎటు ఉందో చూసుకుంటూ తిరగడం వల్లే నేను అంత త్వరగా నేర్చుకున్నానని నా అనుమానం.) మంగళవారం నాటికి గోనె కొంచెమే ముడత పడింది. బంతి కూడా లేచి, వంద అడుగుల దూరంలో పడింది. నేను ఆనందంతో గెంతబోతే, "కాళ్లు!" అని అరిచింది.

ఆ రోజు టీ తాగుతూ ఆమె తనకు తెలిసిన కాళ్ల గురించి చెప్పింది. తెల్ల బూట్లాయన కొట్టే ముందు బొటనవేలితో నేల గీరతాడట. ఒకమ్మ పాదాలు స్తంభాల్లా ఉంటాయట. "ఇంగ ఎర్ర సాక్సులాయన ఉండాడు. ఎప్పుడూ ఎర్రవే. పెద్దాయన మాదిరి ఉండాడు. కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుంటాడు. కొట్టేకి ముందే కుడి మడమ లేస్తాది, ఎడమ కాలు బయటికి జారతాది. ఒకనాడు పడతాడు. పడితే ఆ వయసులో ఎముక మిగలదు. కానీ ఎవురు చెప్తారు ఆయనకి?" నేను నవ్వాను. నా మడమల గురించి తప్ప ఇంకెవరి మడమల గురించీ ఆలోచించే స్థితిలో లేను.

బుధవారం పొద్దున డాక్టరు గారు వచ్చారు. పొడుగాటి మనిషి, డెబ్బై దాటాయి. చింతామణిలో సగం ఊరి పళ్లు పీకిన చెయ్యి. తక్కువ మాట్లాడతారు, మాట్లాడేవాళ్ల నోటి లోపలికి చూస్తారు. "ఊఁ, పోదాం పద" అని మొదటి బంతి పెట్టుకోవడానికి వంగారు. ప్యాంటు అంచు పైకి లేచింది. ఎర్ర సాక్సులు.

ఆయన కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకున్నారు. కర్ర పైకెత్తారు. బంతికి తగలకముందే కుడి మడమ లేచింది, ఎడమ కాలు బయటికి జారింది, ఒక్క క్షణం మనిషి మొత్తం గాలిలో వేలాడినట్టయి మళ్లీ నిలదొక్కుకున్నారు. తరవాత నా వంతు. నేనేం చేశానో నాకు తెలియదు. నా కళ్ల ముందు ఆయన మడమే ఉంది. నా బంతి నేలబారుగా, తిన్నగా, చాలా దూరమే వెళ్లిందట. "బాగుండాదే" అన్నారట ఆయన. నాకు వినపడలేదు.

అక్కడి నుంచి నా భయం రెండుగా చీలింది. చెప్పాలి. చెప్తే, నిన్న మొన్న కర్ర పట్టుకున్నవాడు పాతికేళ్ల నుంచి ఆడుతున్న కమిటీ మనిషికి నిలబడటం నేర్పినట్టు. కాగితం మీద సంతకం పడదు. చెప్పకపోతే ఆయన పడతారు. రెండో గుంటకు కొట్టే చోట ఆయన కర్ర ఎత్తబోతుంటే వెళ్లి సరిగ్గా వెనకాల నిలబడ్డాను. "కర్ర తగిలితే తల పగులుతాది, దూరం పో" అని గదిమారు. దూరం జరిగి, కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టబోయేవాడిలా మోకాళ్లు వంచి, చేతులు చాచి నిలబడ్డాను. మూడో చోటా అంతే, నాలుగో చోటా అంతే.

"ఏమప్పా, నన్ను పట్టుకునేకి వచ్చిన పోలీసు మాదిరి నిలబడతాండావే?" అన్నారు.

"అలవాటు సార్" అన్నాను. ఏ అలవాటో ఆయన అడగలేదు.

ఐదో చోట నేల వాలుగా ఉంది. పొద్దున నీళ్లు చిమ్మిన తడి ఇంకా ఆరలేదు. ఆయన ఆ వాలు మీద కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డారు. చెప్పేయాలని నోరు తెరిచాను. బస్సు దగ్గర మా నాన్న ముఖం గుర్తొచ్చింది. కర్ర లేచింది. మడమ లేచింది. ఎడమ కాలు ఈసారి జారి, ఇక ఆగలేదు. నేను దూకాను. ఎలా దూకానో, కర్ర నాకెందుకు తగల్లేదో దేవుడికే తెలియాలి. ఇద్దరం కలిసి వాలు కిందికి జారుకుంటూ వెళ్లి ఆగాం. కింద నేను, నా మీద డాక్టరు గారు, మా ఇద్దరికీ దూరంగా ఆయన టోపీ.

ఆయన మెల్లగా లేచి కూర్చుని చేతులూ కాళ్లూ కదిపి చూసుకున్నారు. ఏమీ కాలేదు. నా మోచెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది. "క్షమించండి సార్" అన్నాను.

"నువ్వెందుకప్పా? పడింది నేను కదా."

"పడతారని నాకు తెలుసు సార్." అనాలని అన్నది కాదు. నోటిలోంచి అదే జారిపోయింది.

"తెలుసా? ఎట్ల తెలుసు?"

చెప్పాను. ఇంటర్వ్యూలో అన్న 'కొంచెం' దగ్గరి నుంచి చీపురు, తేలు, గోనెసంచి వరకూ అంతా వాలు మీద కూర్చునే చెప్పేశాను. "మరి ముందే నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. "ఉద్యోగం పోతాదని సార్" అన్నాను. నా నడుము కంటే నీ ఉద్యోగం ఎక్కువా అని అడుగుతారనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. "ఎవురామె?" అన్నారు. అప్పుడు గానీ నాకు తట్టలేదు, ఆమె సభ్యుల గురించి మాట్లాడిందని తెలిస్తే ఆమె పని కూడా పోతుందని. "ఎవరో సార్, నాకు సరిగ్గా తెలీదు" అన్నాను. ఆయన నా నోటి వైపే చూస్తూ కూర్చున్నారు. యాభై ఏళ్లుగా జనంతో నోరు తెరిపించిన మనిషి ముందు నేనెంత? చెప్పేశాను.

మండికల్లక్క ఆరో చోటు పక్కన వరసలో, పల్లీలు నములుతూ ఉంది. డాక్టరు గారు వెళ్లి ఎదురుగా నిలబడి, "ఏమ్మా, నా కాళ్లకేమయింది?" అని అడిగారు. ఆమె తల ఎత్తింది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తరవాత చూపు కిందికి దిగి సాక్సుల దగ్గర ఆగింది. "ఓ, నువ్వా అప్పా!" అంది, బాగా తెలిసినవాడు కనపడ్డట్టు. అన్నాక గానీ తాను ఎవరితో ఏమన్నదో తట్టలేదు. కొడవలి కింద పెట్టి, నా వైపు ఒక చూపు చూసింది. "నా పేరు చెప్తివా?" ఆ చూపు నాకు ఇప్పటికీ మోచేతి గాయం కంటే ఎక్కువ గుర్తు.

"అడగతాండాను కదమ్మా, చెప్పు" అన్నారాయన.

ఎలాగూ మునిగాం అనుకుందో ఏమో, చెప్పింది. "కాళ్లు ఎడంగా పెట్టుకో అప్పా. ఎడమ పాదం ముందే రోంత బయటికి తిప్పి పెట్టుకో, అప్పుడు దానంతటది జారదు. మడమ తొందరగా లేపద్దు, బంతి పోయినాంక లేస్తే లేవనీ. ముందు ఆ బూట్లు ఇప్పు."

ఆయన విప్పారు. ఎర్ర సాక్సులు కూడా విప్పి జేబులో పెట్టుకున్నారు. ఆమె తెచ్చి పరిచిన ఒక గోనెముక్క మీద ఆయన ఒక కాలు, ఇంకో ముక్క మీద ఇంకో కాలు. సరిగ్గా అప్పుడే బ్యాటరీ బండి మీద కూలింగు సారు వచ్చారు. కమిటీ మనిషి ఉత్త కాళ్లతో గోనెసంచి మీద నిలబడి ఉండగా, కలుపు తీసే ఆమె ఆయన మోకాలిని కొడవలి పిడితో పొడుస్తూ "ఊగద్దు, ఊగద్దు" అంటోంది. పక్కన రక్తం కారుతున్న చేతితో నేను. ఆయన బండి దిగి కూలింగు గ్లాసులు తీసేశారు. ఆరు నెలల్లో మొదటిసారి ఆయన కళ్లు చూశాను. చిన్న కళ్లు. అచ్చం నా కళ్లలాగే బెదిరిపోయి ఉన్నాయి.

"ఈ అబ్బాయికి గాల్ఫ్ రాదు" అన్నారు డాక్టరు గారు, గోనె మీద నుంచి దిగకుండానే. "ఐదు చోట్ల చూసినా. రాదు. వచ్చే బుధవారం కూడా వీడినే పంపు. ఈమె మాట్లాడితే మాట్లాడనీ. తల ఎత్తి మాట్లాడనీ." ఆ తరవాత మండికల్లక్క వైపు తిరిగి, "నువ్వు కుడి పక్కనే నములుతాండావు కదమ్మా, ఎడమ పక్క నొప్పా?" అన్నారు. ఆమె చెంప మీద చెయ్యి వేసుకుంది. "రెండేండ్ల నుంచి" అంది. "నువ్వు నా కాళ్లు చూసినావు. శనివారం చింతామణికి రా, నేను నీ పళ్లు చూస్తా" అన్నారు.

కాగితం వచ్చింది, సంతకం పడింది, ఉద్యోగం కాయమైంది. అయినా నెల రోజుల పాటు నాకు నెమ్మది లేదు. రోజూ పొద్దున ముందు కలుపు తీసే వరస దగ్గరికి వెళ్లి మండికల్లక్క ఉందో లేదో చూసుకుని గానీ కౌంటర్లో కూర్చునేవాణ్ణి కాదు. ఒకరోజు ఆమే కసిరింది. "ఏమప్పా, రోజూ వచ్చి నన్ను లెక్కబెట్టుకుంటాండావా? ఉండానులే, యాడికీ పోలేదు." రెండు పక్కలా పల్లీలు నములుతోంది.

ఆ తరవాత కొన్నాళ్లకు మా నాన్న నా ఉద్యోగం చూడటానికి వచ్చాడు. కంచె బయట నిలబడి ఆ పచ్చదనాన్నంతా చాలాసేపు చూశాడు. చిమ్ముతున్న నీళ్లను చూశాడు. "ఇంత నేల, ఇన్ని నీళ్లు. ఏం పండిస్తార్రా ఈడ?" అన్నాడు. ఎవరేమడిగినా నాకు కంగారు. ఆ కంగారులో, ఇదంతా నిలబడటంలో ఉంది నాన్నా అని మొదలుపెట్టి, రోడ్డు పక్కన బస్సు ఆగేచోటే ఉత్త చేతులతో చూపించడం మొదలుపెట్టాను. పాదాలు ఇట్ల, మోకాలు ఇట్ల, నడుము తిరగాల, ఊగకూడదు. చూపిస్తూ ఉండగానే బాగేపల్లి బస్సు మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది. చెయ్యెత్తాల్సినవాణ్ణి నేను, నా చేతులేమో బంతి కొడుతున్నాయి. మళ్లీ బస్సు గంటకు గానీ లేదు. "అయ్యో నాన్నా, తప్పయింది" అన్నాను. ఆయన మోరీ గట్టు మీద కూర్చుని, చెప్పులు పక్కన విడిచి, "పోనీలేరా. ఇంగోసారి చూపించు" అన్నాడు.

ఆ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఆ తరవాత నేను మళ్లీ ఆ కర్ర పట్టుకోలేదు. కానీ ఆ దారిన బస్సులో వెళ్తే మాత్రం ఆ మోరీ కనపడుతుంది. ఎండలో, లారీల దుమ్ములో, లేని కర్రను రెండు చేతులా పట్టుకుని, లేని బంతిని కొడుతూ, పడకుండా నిలబడ్డానని తండ్రికి పదే పదే చూపించుకుంటున్న ఒక బక్క కుర్రాడు కనపడతాడు. పాపం, ఎంత శ్రద్ధగా చూపించాడో! గంట సేపూ వాడికి భయమన్నదే గుర్తు రాలేదు.